కుంగిందా, పొంగిందా: తీర మైదానపు రేగడి మీద ఒక ఇంటి కథ

హ్యూస్టన్ చుట్టుపక్కల ఇళ్ల పునాదులు పరిశీలించడం నా వృత్తి. చూసిన ఇళ్లలో చాలావాటి కథ ఒకటే. ఎండాకాలంలో గోడ బీట వారుతుంది, వానలు పడగానే మూసుకుంటుంది, ఇంటాయన కంగారు పడతాడు, కంగారు అక్కర్లేదని నేను కాగితం రాసిస్తాను. ఈ ఇల్లు అలాంటిది కాదు. ఇక్కడ ఆరు నెలల పాటు నేను తప్పు వైపు చూస్తూ కూర్చున్నాను. అసలు జవాబు మొదటి రోజే నా చేతికి వచ్చింది. పనికిరాదని పక్కన పెట్టింది నేనే.

ఇంటివారి అనుమతితో రాస్తున్నాను. వాళ్లెవరో తెలియకుండా ఊరు, వీధి, కుటుంబం వివరాలు వదిలేశాను, కొన్ని మార్చాను. నేల గురించిన మాటలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

నేల

టెక్సస్, లూయిజియానా తీరాల వెంబడి సముద్రానికి సమాంతరంగా పరుచుకున్న పచ్చిక మైదానాన్ని కోస్టల్ ప్రెయిరీ అంటారు. ఒకప్పుడు మనిషి మునిగేంత గడ్డి పెరిగిన చోటు. అసలైన ప్రెయిరీ ఇప్పుడు నూటికి ఒక వంతు కూడా మిగలలేదు. మిగతాదంతా మొదట పశువుల బీడు, తరువాత వరి పొలం, చివరికి మా ఇళ్లు. ఇక్కడి చదును ఎంతటిదంటే, వంద అడుగులు నడిచినా అడుగు ఎత్తు తేడా రాదు. పడిన వానకు ఎటు పోవాలో తోచదు.

ఈ మైదానంలో విస్తారంగా కనిపించే నల్లటి బంకమట్టికి లేక్ చార్లెస్ క్లే అని పేరు. లూయిజియానాలోని ఊరి పేరే దానికి పెట్టారు. మంచుయుగాల కాలంలో నదులూ సముద్రమూ కలిసి పోసిన ఒండ్రు, భూగర్భ శాస్త్రజ్ఞులు బ్యూమాంట్ ఫార్మేషన్ అని పిలిచే పొర, దీనికి తల్లి. పుట్టుక వేరైనా గుణంలో ఇది మన రేగడికి చుట్టమే. దక్కనులో నల్లరాయి శిథిలమై రేగడి అయింది, ఇక్కడ ఒండ్రు పేరుకుని అయింది. రెండింటిలోనూ పని చేసేది స్మెక్టైట్ అనే ఖనిజమే. కాగితాల దొంతరలా సన్నటి పొరలు, ఆ పొరల మధ్యకు నీరు దూరితే దొంతర ఉబ్బుతుంది, నీరు పోతే అణుగుతుంది. నేలశాస్త్రంలో ఈ రెండింటినీ వెర్టిసాల్ అనే ఒకే గూటిలో పెట్టారు. ఇలాంటి నేలలకు పాత పుస్తకాలు వాడిన ‘రెగుర్’ అన్న పేరు మన రేగడి నుంచి వెళ్లిందే. ఇంత దూరం వచ్చి కూడా ఆ మన్ను మీదే ఇల్లు కొనుక్కున్నామని మా తెలుగువాళ్లకు చెబితే ముందు నవ్వుతారు, తరువాత గోడల వైపు చూస్తారు.

మూడు లక్షణాలు చెప్పకపోతే కేసు అర్థం కాదు.

ఒకటి, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. చేతివేళ్లు పట్టేంత వెడల్పు, మోకాటి లోతు మామూలే. తడిసిందంటే నోరు మూసుకుంటుంది, ఇక నీరు దిగదు. తడి లేక్ చార్లెస్ మట్టిలో నీరు గంటకు 0.06 అంగుళం కూడా కిందికి పోదు. అంటే ఇదే నేల ఆగస్టులో జల్లెడ, జనవరిలో సిమెంటు తొట్టి.

రెండు, ఉబ్బేటప్పుడు కింది మట్టి ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ జారుతుంది. గొయ్యి తవ్వితే గోడలో ఏటవాలుగా, అద్దంలా నున్నగా మెరిసే పలకలు కనిపిస్తాయి. వాటినే స్లికెన్‌సైడ్స్ అంటాం. అవి కనిపించాయంటే ఆ లోతులో నేల కదులుతోందని వేరే సాక్ష్యం అక్కర్లేదు.

మూడు, ఆ రాపిడి వల్లే దున్నని ప్రెయిరీ మీద చిన్న చిన్న మిట్టలూ గుంటలూ అలల్లా ఏర్పడతాయి. ఆస్ట్రేలియా ఆదివాసుల మాటను తీసుకుని గిల్గాయి అంటారు. టెక్సస్ రైతులు పంది పొర్లిన గుంటలన్నారు. వరికోసం చదును చేస్తే పైన అలలు పోతాయి, లోపల పోవు. మిట్ట కింద సున్నపు గడ్డలతో లేతరంగు మట్టి పైకి తన్నుకుని ఉంటుంది, గుంట కింద నల్లమట్టి లోతుగా దిగి ఉంటుంది. ఈ మూడోది నన్ను ఎలా పక్కదారి పట్టించిందో తరువాత చెబుతాను.

వాళ్లు నన్ను పిలిచిన నాటికి

ఒకప్పటి వరి పొలంలో వేసిన కాలనీ. ఒకే అంతస్తు ఇల్లు. పునాది ఇక్కడి పద్ధతిలో పోస్ట్ టెన్షన్ శ్లాబు, అంటే నేల మీదే పోసి లోపల ఉక్కు కేబుళ్లను బిగించి లాగిన కాంక్రీటు పలక. ముందు నైరుతి మూల దగ్గర రెండు లైవ్ ఓక్ చెట్లు. ఇంట్లో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఊరి నుంచి వచ్చి ఉంటున్న ఆయన తండ్రి.

2022 వేసవిలో వానలు మొహం చాటేశాయి. నైరుతి మూల ఇటుక గోడలో మెట్లు మెట్లుగా బీట పడింది, ఆ గది కిటికీ బిగుసుకుంది. మరమ్మతు సంస్థను పిలిచారు. వాళ్లు నేల ఎత్తులు కొలిచి మూల కుంగిందన్నారు. ఆ వైపు 14 పైల్స్ దించి మూలను అంగుళం పావు పైకి లేపారు. ఈ పైల్స్ పెద్ద స్తంభాలేమీ కావు. అడుగు పొడవున్న కాంక్రీటు దిమ్మెలను ఒకదాని మీద ఒకటి పెట్టి, ఇంటి బరువునే ఆధారం చేసుకుని నేలలోకి జాకీతో నొక్కుతారు.

2023 మార్చిలో నాకు ఫోను వచ్చింది. బయట గోడ బాగానే ఉంది, ఇప్పుడు లోపల పగులుతోందన్నారు. హాలు పక్క స్నానాలగది తలుపు మూసుకోవడం లేదు. తలుపు పైమూల నుంచి జిప్సం గోడలో ఏటవాలుగా బీట, పెన్సిలు మొన పట్టేంత. వసారా టైళ్లలో ఒక వరుస మొత్తం విరిగింది.

నేలంతా ఎత్తులు కొలిచాను. ముఖద్వారం దగ్గర సున్నా అనుకుంటే స్నానాలగది 1.5 అంగుళాల ఎత్తున, నైరుతి మూల అర అంగుళం దిగువన, వెనక గోడ దాదాపు సున్నా దగ్గర ఉన్నాయి. ముఖద్వారం నుంచి వెనక గోడకు 40 అడుగులు. మధ్యలో పలక వీపు పైకెత్తింది. మా రాష్ట్రంలో ఇంజనీర్లు పాటించే గీత 360కి ఒకటి, అంటే 360 అంగుళాల పొడవుకు ఒక అంగుళం వంపు. ఈ ఇంటి వంపు దాన్ని కొద్దిగా దాటింది.

ఇక్కడే అసలు ప్రశ్న. ఎత్తుల కొలత తేడాను చెబుతుంది, దిక్కును చెప్పదు. మధ్య పొంగిందా, అంచులు కుంగాయా? తలుపు మీద బీట రెండు సందర్భాల్లోనూ ఒకేలా పడుతుంది. కానీ చికిత్స మాత్రం తలకిందులు. కుంగిందైతే అంచులు లేపాలి. పొంగిందైతే అంచులు లేపడమంత మతిమాలిన పని మరొకటి ఉండదు.

మొదటి అంచనా, దాని వెనక తర్కం

అంచులు కుంగాయని అనుకున్నాను. కారణాలు బలమైనవే. 2022లో అంచుల మట్టి బాగా ఎండింది. చెట్ల వేర్లు ఒక మూలను ఇంకా పీల్చాయి. శ్లాబు నడిమి భాగం కింద మట్టికి ఎండా గాలీ తగలవు కాబట్టి తడి నిలుస్తుంది. కాబట్టి అంచులు దిగి నడుము నిలబడుతుంది. పాఠ్యపుస్తకంలోని బొమ్మే ఇది.

పైల్స్ వల్ల ఏం జరిగిందో కూడా నాకొక లెక్క ఉంది. మరమ్మతు కాగితాల్లో పైల్స్ 7, 8 అడుగుల దగ్గర ఆగాయని రాసి ఉంది. ఎండిన రేగడి రాయిలా ఉంటుంది, అక్కడికి రాగానే జాకీ ఇక కదలదు. గట్టి నేల దొరికిందని ఆపేస్తారు. నిజానికి అది గట్టి నేల కాదు, ఎండిన నేల. మా ప్రాంతంలో రుతువులతో కదిలే పొర సుమారు పదడుగుల దాకా ఉంటుంది. అంటే ఆ పైల్స్ కదిలే మట్టిలోనే నిలబడి ఉన్నాయి. ఈ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

లీకు మాటేమిటని అడిగాను. నీళ్ల బిల్లు పెరగలేదన్నారు. నేనూ కొళాయిలన్నీ కట్టేయించి మీటరు చూశాను. ముల్లు కదల్లేదు. ‘లీకు లేదు’ అని నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

ఆ రెండు పదాలు రాయడమే తప్పు. మీటరు చెప్పేది ఇంటికి వచ్చే నీటి గురించి. ఇంట్లోంచి పోయే నీటి గురించి దానికేం తెలుసు? మురుగు పైపు శ్లాబు కింద ఊడిపడినా మీటరుకు పట్టదు. ఇది నాకు తెలియని సంగతి కాదు. ఇంకొకరి రిపోర్టులో ఇదే తప్పు చూస్తే ఎర్రసిరాతో గీసేవాణ్ని. కానీ అంచులు కుంగాయన్న కథ అంత చక్కగా కుదిరింది, దానికి అడ్డొచ్చే పరీక్షకు డబ్బు ఖర్చు పెట్టించాలనిపించలేదు.

రెండో తప్పు ఇంకా సిగ్గుపడాల్సింది. మరమ్మతు సంస్థ 2022లో గీసిన ఎత్తుల బొమ్మ ఇంటావిడ ప్లాస్టిక్ ఫైల్లోంచి తీసి ఇచ్చింది. అందులో స్నానాలగది దగ్గర 0.3 అని ఉంది. నా కొలత 1.5. తేడా 1.2 అంగుళాలు. వాళ్ల బొమ్మలో ఏ గదిలో టైలు, ఏ గదిలో కార్పెట్ అన్న సవరణ లేదు, అంకెలు చేత్తో కొట్టేసి రాసి ఉన్నాయి. నమ్మదగ్గ కాగితం కాదని పక్కన పెట్టాను. టైలు ఎంత మందంగా వేసినా అంగుళం పైన తేడా రాదు కదా అని ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే చాలు.

ఒక్క పని మాత్రం సరిగ్గా చేశాను. ఇంట్లోని ఏ బిందువునూ నమ్మకుండా, వీధిలో లోతుగా దిగిన మ్యాన్‌హోల్ మూతి అంచును ఆధారంగా పెట్టుకుని కొలతలు దానితో కలిపాను. తరువాత నన్ను కాపాడింది అదే.

వేసవి

మే నెలలో చేయించినవి ఇవి. పైకప్పు నీరు గోడ పక్కన పడకుండా గట్టర్లు, వాటి గొట్టాలు ఇంటికి దూరంగా. చెట్లకూ ఇంటికీ మధ్య వేర్లు రాకుండా అడ్డుగోడ. ఇంటి చుట్టూ సోకర్ హోస్, అంటే ఒళ్లంతా చెమ్మ కార్చే రబ్బరు పైపు. అంచుల తడి నిలకడగా ఉంటే అంచులు నెమ్మదిగా లేచి నడుముతో కలుస్తాయని ఆశ.

ఆ ఏడాది వేసవి ఎలాంటిదో హ్యూస్టన్‌లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆగస్టులో 109 డిగ్రీల ఫారన్‌హీట్ తాకింది. సోకర్ హోస్ విషయంలో నేను లెక్కించనిది ఒకటుంది. కొళాయి దగ్గర ధార ఎక్కువ, చివరకు వెళ్లేసరికి పైపు పొడి. కొళాయి వైపు నెర్రెలు మూసుకున్నాయి, అవతలి వైపు అలాగే నోరు తెరుచుకుని ఉన్నాయి. తడి సమం చేద్దామని వేసిన పైపు కొత్త అసమానతను తెచ్చింది. పైగా విచ్చిన నెర్రెల్లో పోసిన నీరు పైమట్టిని తడపదు, సందుల్లోంచి నేరుగా కిందికి పోతుంది.

జూలైలో వెళ్లినప్పుడు పెద్దాయన పెరట్లో ఉన్నారు. పల్నాటి వైపు మిర్చి, పత్తి పండించిన మనిషి. చేతిలో కొలత టేపు. ప్రతి ఉదయం నెర్రెల లోతు కొలవడం ఆయన కాలక్షేపమని కోడలు చెప్పింది.

“ఇంజనీరు గారూ, ఇది మన రేగడే” అన్నారు. “పదును పోయాక ఎవడూ దున్నలేడు. సరే, ఒకటి చూడండి.” స్నానాలగది ఉన్న వెనక గోడ వైపు తీసుకెళ్లారు. పెరడంతా నెర్రెలే. గోడ నుంచి కంచె వైపు సాగిన ఒక పట్టీలో మాత్రం, మంచం వెడల్పున, నేల చెక్కుచెదరకుండా ఉంది. అక్కడ రెండు చోట్ల గుండ్రటి మట్టి ఉండలు పేర్చిన చిన్న గొట్టాలు. ఇక్కడి పొలాల్లో, పెరళ్లలో ఉండే క్రాఫిష్ అనే చిన్న రొయ్యలాంటి జీవి బొరియ తవ్వి ఆ మట్టిని అలా పేరుస్తుంది.

“మా గట్ల మీద ఎండ్రకాయ బొరియలు ఇలాగే ఉంటాయి. రోజూ కాలితో తన్నేస్తున్నాను, తెల్లారేసరికి పచ్చి మట్టితో మళ్లీ కడుతోంది. మా ఊళ్లో అయితే ఇక్కడ ఊట ఉందంటాం, బాబూ.”

“స్ప్రింక్లర్ నీరు పడుతోందేమో, బాబాయి గారూ” అన్నాను. అలాగే రాసుకున్నాను కూడా. స్ప్రింక్లర్ తల ఎటు తిరిగి ఉందో చూడలేదు.

ఎందుకు చూడలేదంటే అప్పటికి నా బుర్రలో ఇంకో కథ మొలకెత్తింది. ఇళ్లు రాకముందు తీసిన పాత వైమానిక ఛాయాచిత్రం సంపాదించాను. వరి గట్లు పాముల్లా మెలికలు తిరుగుతూ, వాటి అడుగున చుక్కలు చుక్కలుగా గిల్గాయి మరకలు. స్నానాలగది సరిగ్గా ఒక లేత చుక్క మీద పడింది. గిల్గాయి మిట్ట మీద ఒక గది, గుంట మీద ఇంకో గది, అందుకే ఈ వంపు! ఆ బొమ్మను తోటి ఇంజనీర్లకు కూడా చూపించాను. అందమైన సిద్ధాంతం. మట్టి మీద ప్రేమ ఉన్నవాళ్లు ఇలాంటి వాటికి తేలిగ్గా లొంగిపోతారు.

సెప్టెంబరు కొలతలు

సెప్టెంబరులో మళ్లీ అన్ని బిందువులూ మ్యాన్‌హోల్‌తో పోల్చి కొలిచాను. ముఖద్వారం మార్చి కంటే 0.4 అంగుళం కిందికి దిగింది. వెనక గోడ, పక్క గోడలు దాదాపు అర అంగుళం దిగాయి. పైల్స్ ఉన్న నైరుతి మూల కూడా 0.3 దిగింది, అవి కదిలే మట్టిలోనే ఉన్నాయన్న మాటకు అదే రుజువు. స్నానాలగది మాత్రం 0.2 అంగుళం పైకి లేచింది.

మూడు సార్లు కొలిచాను. పరికరం బ్యాటరీ మార్చి నాలుగోసారి కొలిచాను. అదే అంకె.

నడిమి మట్టి తడి నిలుపుకుంటే అది ఉన్నచోటే ఉండాలి. గిల్గాయి మిట్ట అయితే ఎండాకాలంలో మిగతా నేలతో పాటు ఎంతో కొంత దిగాలి. నెలల తరబడి వాన లేని వేసవిలో నేల పైకి లేవాలంటే ఒక్కటే మార్గం, ఎవరో నీళ్లు పోస్తూ ఉండాలి. రెండు కథలూ అక్కడే కూలాయి. పాత ఫైలు తీసి 2022 బొమ్మను మళ్లీ పరిచాను. అప్పుడు 0.3. ఆరేడు నెలల తరువాత 1.5. ఆ కొట్టివేతల కాగితం చెబుతున్నది మొదటి నుంచీ ఒకటే, మూల లేపిన తరువాతే మధ్య పొంగిందని.

పెద్దాయన చూపించిన పట్టీలో చేతి ఆగర్‌తో, అంటే చేత్తో తిప్పి నేల తొలిచే బరమాతో, ఒక రంధ్రం, పది అడుగుల అవతల నెర్రెలున్న చోట ఇంకొకటి వేశాం. నాలుగు అడుగుల లోతు మట్టిలో తేమ ఒకచోట 34 శాతం, మరోచోట 21 శాతం. ఈ మట్టి ముద్దగా మారడం మొదలయ్యే హద్దు 26. అంటే ఒకే పెరట్లో ఒకచోట ముద్ద, పక్కనే పెంకు. శ్లాబు లోపల రంధ్రం వేయమని ఇంటాయన అడిగారు, నేను ఒప్పుకోలేదు. కేబుల్ ఎక్కడుందో కచ్చితంగా తెలియకుండా డ్రిల్లు దించితే, తెగిన కేబుల్ కాంక్రీటును చీల్చుకుని బయటికి దూకగలదు. బయటి రంధ్రాలతో తేలే సంగతికి ఆ తెగువ అనవసరం.

తరువాత ప్లంబరు. బయటి క్లీనవుట్‌లోంచి, అంటే మురుగు పైపును శుభ్రం చేయడానికి వదిలిన మూత ఉన్న నోట్లోంచి, గాలి బుడగను దించి మురుగు పైపును మూసి, శ్లాబు మట్టం దాకా నీళ్లు నింపి చూశాడు. పది నిమిషాలు కూడా నిలవలేదు. బుడగను కొద్దికొద్దిగా జరుపుతూ ఒక్కో కొమ్మనూ విడదీశాడు. స్నానాలగది కొమ్మ దగ్గర తప్ప అన్నిచోట్లా నీరు నిలిచింది.

మూల లేపినప్పుడు పైపులు పరీక్షించారా అని ఇంటావిడను అడిగాను. లేపకముందు చేశారట, బాగానే ఉందన్నారట. లేపాక మళ్లీ చేయడానికి విడిగా డబ్బు అడిగితే వీళ్లు వద్దన్నారు. అలా అడిగినప్పుడు వద్దనని ఇల్లు నేనింతవరకు చూడలేదు.

సొరంగం

పైపును పై నుంచి చేరాలంటే నేల పగలగొట్టాలి, కేబుళ్ల భయం. అందుకే వెనక గోడ కింద నుంచి మూడడుగుల ఎత్తు సొరంగం తవ్వించాం. ఖర్చు ఎక్కువే, కానీ ఇంట్లో వాళ్లు ఇంట్లోనే ఉండవచ్చు.

పనివాళ్లు పైపు దగ్గరికి చేరాక నేనూ లైటు పట్టుకుని పాకుతూ వెళ్లాను. మొదటి నాలుగడుగులు గోడలు పొడిగా, గోరు దిగనంత గట్టిగా ఉన్నాయి. ఏటవాలు పలకలు లైటు పడితే మెరుస్తున్నాయి. ఇంకాస్త లోపలికి వెళ్లేసరికి మట్టి చలిమిడిలా చేతికి అంటుకుంది. పైపు అతుకు దగ్గర చిటికెన వేలు పట్టేంత సందు. పైపు చుట్టూ ఇల్లు కట్టినప్పుడు పోసిన ఇసుక, అందులో నీరు నిలబడి ఉంది. కారిన నీరు రేగడిలోంచి కిందికి పోలేదు, అది పోనిచ్చే మట్టి కాదు. పక్క మట్టిని నానబెడుతూ ఇసుక కాలువ వెంట ఇంటి వెనకకు నడిచింది. పొంగు గుండ్రంగా కాకుండా పైపు దారిలో బారుగా ఎందుకుందో, పెరట్లో ఆ పట్టీ ఎందుకు నెర్రె వారలేదో, క్రాఫిష్ ఎక్కడి తడితో ఇల్లు కట్టుకుంటోందో అన్నిటికీ అక్కడే జవాబు.

మూల లేపడం వల్లే అతుకు ఊడిందా? కాలక్రమం అలాగే చెబుతోంది, కొలతలు అలాగే చెబుతున్నాయి. రుజువు చేయగలనా అంటే, లేను. రిపోర్టులో ‘అందుకు అవకాశం ఎక్కువ’ అని మాత్రమే రాశాను. మొదటి జబ్బు నిజమైనదే, నైరుతి మూల 2022లో నిజంగానే కుంగింది. దానికి వేసిన మందు రెండో జబ్బు తెచ్చిందని నా అభిప్రాయం.

అక్టోబరులో పైపు బాగుచేశాక సొరంగాన్ని ఇసుకతో నింపుతామని పనివాళ్లు అన్నారు. తేలిక, చవక. కూడదన్నాను. రేగడిలో ఇసుక నింపిన సొరంగమంటే ఇంటి కింద నీళ్ల తొట్టి కట్టుకున్నట్టే. తవ్విన మట్టినే మితంగా తడిపి, పొరలు పొరలుగా దిమ్మిస చేయించి నింపాం. రెండు రోజులు ఎక్కువ పట్టింది.

ఏమీ చేయకపోవడం

ఆ తరువాతి భాగమే ఇంటివారికి అన్నిటికంటే కష్టమైంది. డిసెంబరులో అమ్మాయి ఓణీల వేడుక ఉంది. ఈలోగా అంచులు లేపించి, గోడలు పూడ్చి, రంగులు వేయించాలని వాళ్ల తొందర. మరో మరమ్మతు సంస్థ అప్పటికే అంచనా ఇచ్చింది కూడా.

ఇంటాయనతో భోజనాల బల్ల దగ్గర గంట సేపు మాట్లాడాను. మధ్యన పొంగిన మట్టి నీరు ఆగిపోయాక అణుగుతుంది. ఈరోజు దాని ఎత్తుకు అంచులు లేపితే, ఏడాది తిరిగేసరికి నడుము దిగి అంచులు పైన నిలబడతాయి. అప్పుడు లోపల పైల్స్ వేయాలంటారు. అవతలి గదిలోంచి పెద్దాయన, “పాలు పొంగితే మంట తగ్గించాలిరా, గిన్నె అంచు పెంచరు” అన్నారు. నా గంట ఉపన్యాసం కంటే అది బాగా పనిచేసింది.

ఎంతకాలం పడుతుందని అడిగితే కచ్చితంగా చెప్పలేకపోయాను. శ్లాబు కింద ఎండ లేదు, గాలి లేదు, ఈ మట్టి తడిని వదలడం దాన్ని తాగడం కంటే నెమ్మది. కనీసం ఏడాది, బహుశా ఇంకా ఎక్కువ అన్నాను. ఈలోగా తలుపు అడుగు చిత్రిక పట్టించి మూసుకునేలా చేశాం. వేడుకకు గోడ బీట మీద పూల తోరణం వేలాడదీశారు.

మ్యాన్‌హోల్‌తో పోల్చి, మార్చి 2023 ఎత్తును సున్నా అనుకుంటే స్నానాలగది ఇలా నడిచింది. 2024 జనవరిలో ఇంకా 0.2 పైనే, పైపు బాగుచేసి మూడు నెలలైనా చలనం లేదు. ఇంటాయన గొంతులో అనుమానం అప్పుడు మొదలైంది, దాచడమెందుకు, నా మనసులోనూ. మేలో సున్నాకు వచ్చింది. జూలై 8న బెరిల్ తుపాను తాకి, వారాల్లో నేలంతా నానినప్పుడు అంచులు లేచాయి, స్నానాలగది లేవలేదు. అది చూశాక నిద్రపట్టింది. సెప్టెంబరుకు 0.4 దిగింది, 2025 మార్చికి 0.8 దిగింది. అంచులు అప్పటికి రెండేళ్ల కిందటి మార్చి ఎత్తులోనే ఉన్నాయి. కాబట్టి ముఖద్వారంతో పోల్చితే స్నానాలగది పొంగు 1.5 నుంచి 0.7కు తగ్గింది. 2022 నాటి 0.3కు ఇంకా దూరమే. కొత్తగా ఒక్క పైలు కూడా వేయలేదు.

సోకర్ హోస్ ఉంచాం, కానీ నాలుగు ముక్కలు చేసి, ఒక్కోదానికి విడిగా కొళాయి, టైమరు పెట్టాం. నెర్రెలు విచ్చాక కాదు, విచ్చకముందే మొదలుపెట్టి, రోజూ కొద్దికొద్దిగా. ఈ నేలకు తడి ఎంత అన్నది ముఖ్యం కాదు, తడి మారకపోవడం ముఖ్యం.

నేను మార్చుకున్నవి

నా తనిఖీ పత్రంలో ఇప్పుడు ‘లీకు’ అనే గడి లేదు. ‘వచ్చే పైపు’, ‘పోయే పైపు’ అని రెండు గడులున్నాయి. పునాది లేపిన ఇల్లయితే రెండోదాన్ని పరీక్షించకుండా రిపోర్టు రాయను. పరీక్ష వద్దంటే, వద్దన్నారని రాసి సంతకం తీసుకుంటాను.

పాత కొలతలు ఎంత చెత్తగా ఉన్నా పారేయడం మానేశాను. ఎంత తప్పు ఉండవచ్చో అంచనా వేసి, ఆ తప్పును మించిన తేడా ఉందా అని చూస్తున్నాను. అర అంగుళం సందేహం ఉన్న కాగితం కూడా అంగుళం పైన తేడాకు సాక్ష్యం చెప్పగలదు.

గిల్గాయి బొమ్మను మాత్రం తీసేయలేదు. ఆ కాలనీలో ఇంకో రెండిళ్లకు అది నిజంగానే పనికొచ్చింది. కానీ దాన్ని ఇప్పుడు రెండో సందర్శన దాకా తెరవను. తెరిస్తే దాన్నే చూస్తానని నాకు తెలుసు.

ఇంటివాళ్లను ఎక్కడ నేల పగలలేదో చూపించమని అడుగుతున్నాను. పగిలింది ఎక్కడో ఎవరైనా చూపిస్తారు.

2025 మార్చిలో చివరిసారి వెళ్లినప్పుడు తలుపు మీద బీట సన్నటి గీతగా మిగిలింది. దాన్ని పూడ్చకుండా, రంగు వేయకుండా ఇంకో సెప్టెంబరు దాకా ఉంచమన్నాను. బీట రెండు చివరల పెన్సిలుతో గీతలు, ఒక్కోదాని పక్కన తారీఖు. చాలావరకు నావి. ఆఖరి రెండూ తెలుగు అంకెల్లో ఉన్నాయి. పెద్దాయన ఊరికి బయలుదేరే ముందు కుర్చీ వేసుకుని ఎక్కి రాశారట, ఇంట్లో వాళ్లు వారిస్తున్నా వినకుండా. ఆ రెంటి మధ్య నెల రోజులు. గీత జరగలేదు.